శివన్న చేతి రొట్టె

ఆ రోజు పొద్దున కూడా మొదటి రొట్టె విరిగింది.

శివన్న ముక్కలను పొయ్యి మీది పెంక నుంచి ఏరి పక్కన పెట్టి, వెడల్పాటి పరాతులో మిగిలిన పిండిని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. వంటింటి గడప అవతల నులక మంచం మీద, గోడకు వీపు ఆనించుకుని కూర్చున్న వత్సల అంతా చూస్తూనే ఉంది. వాచిన కాళ్ళ కింద పాత దుప్పటి ఒకటి మడత పెట్టి ఉంది.

"నీళ్ళు మసలకముందే పోసినవు," అన్నది ఆమె.

"మసిలినయనుకున్న."

"అనుకుంటె కాదు. గిన్నె అడుగుల చప్పుడు ఆగి మీద బుడగలు లేవాలె. జొన్నపిండికి గప్పుడే జిగురు అస్తది. అరచెయ్యి ఆనించి ఒత్తు, వేళ్ళతోని కాదు."

శివన్న ఒత్తాడు. మిల్లులో ఇరవై ఏళ్ళుగా మగ్గాల మీద తెగిన దారాలు ముడివేసిన చేతులవి. సన్నటి పనికి అలవాటుపడ్డ వేళ్ళకు ఈ పిండి లొంగడం లేదు. రెండో ముద్దను మెల్లగా తట్టి, అంచులు చీలకుండా తిప్పి, రెండు చేతుల మీద ఎత్తి పెంక మీద వేశాడు. పైన తడిచెయ్యి రాసి, ఆరగానే తిరగేశాడు. తర్వాత నిప్పులు ఇవతలికి లాగి, రొట్టెను వాటికి ఆనించి నిలబెట్టాడు. చూస్తుండగానే రొట్టె మధ్యలో చిన్న బుడగ లేచింది. అది పెద్దదై అంచుల దాకా పాకి, రొట్టె అంతా పూరీలా పొంగింది.

మూలన కూర్చుని చరిత్ర పుస్తకం చదువుకుంటున్న మీరా తల ఎత్తింది. "బాపూ, పొంగింది," అన్నది.

వత్సల నవ్వింది. దసరా తర్వాత ఆమె నవ్వడం ఇంట్లో ఎవరూ చూడలేదు. శివన్న వేలు కాలిన సంగతి కూడా మరిచి, ఆ రొట్టెను పళ్ళెంలో వేసి భార్య ముందు పెట్టాడు.

దసరాకు ముందు నుంచే వత్సల మొహం ఉబ్బుతూ వచ్చింది. పొద్దున లేవగానే కళ్ళు సగమే తెరుచుకునేవి. నిద్ర తక్కువైందేమో అనుకున్నారు. కాళ్ళకు నీరు దిగాక సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. గుర్దాలు, రెండు మూత్రపిండాలూ, చెడిపోయినయని, నయం చేసే మందు లేదని, ఉన్నన్నాళ్ళు పథ్యంతో నెట్టుకురావాలని డాక్టరు చెప్పాడు. ఉప్పు అసలే ముట్టకూడదు. పప్పు పేరుకు మాత్రమే. పచ్చడి, అప్పడం, తొక్కు పేరెత్తొద్దు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి.

ఇంటికి వచ్చిన రోజే నాందేడ్ గాడీపురా గల్లీలో చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి ఒకే మాట అన్నారు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది కదా, వంటకు ఏం తక్కువ అని. మీరా తన పుస్తకాలు గూట్లో సర్దేసింది. పిల్ల దహావీలో, పదో తరగతిలో, ఉంది. ఎండలు ముదరకముందే బోర్డు పరీక్ష.

ఆ సాయంత్రం వత్సల భర్తను దగ్గరికి పిలిచింది.

"నా పదేండ్లప్పుడు మా అమ్మకు కాళ్ళు పడిపోతె నాకు పొయ్యి అప్పజెప్పిన్రు. నాలుగు రోజులే అన్నరు. మళ్ళ శాళ మొహం, పుస్తకం మొహం చూడలె నేను," అన్నది. "నా బిడ్డ చేతికి ఇప్పుడే గంటె ఇయ్యకు."

"మరి ఎవరు వండాలె?"

వత్సల అతని చేతుల వైపు చూసింది. ఆ మరునాటి నుంచి శివన్న పొయ్యి ముందు కూర్చున్నాడు.

నలభై దాటాక మనిషికి కొత్త సంతోషం ఒకటి దొరుకుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. అదీ ఇలాంటి కాలంలో. మొదట్లో వంట ఒక చాకిరీగానే ఉండేది. అన్నం మాడేది, కూరలో నీళ్ళు తేలేవి. తర్వాత్తర్వాత మిల్లులో మగ్గాల రొద మధ్య నిలబడి కూడా, రేపు బీరకాయా సొరకాయా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. ఉప్పు లేకుండా రుచి ఎక్కడి నుంచి తేవాలన్నది అతనికి పంతమైంది. నువ్వులు దోరగా వేయించి దంచి చల్లితే బీరకాయకు కమ్మదనం వస్తుందని కనిపెట్టాడు. నిమ్మకాయ పొయ్యి మీద ఉండగా పిండితే చేదు, దించాక పిండితే పులుపు. ఎల్లిపాయ ఎంత ఎర్రబడాలో, జీలకర్ర ఎప్పుడు దించాలో వాసనతోనే తెలిసేది. జొన్నలు తానే చెరిగి, రాళ్ళు ఏరి, పిండి గిర్నికి మోసుకుపోయేవాడు. అక్కడ వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. అతనికి పట్టేది కాదు. వేడివేడి పిండిని గుడ్డలో కట్టి గుండెకు ఆనించుకుని ఇంటికి వస్తుంటే, పసిపిల్లను ఎత్తుకుని వస్తున్నట్టు ఉండేది.

తాను కూడా ఉప్పు మానేశాడు. మీరాకు మాత్రం వేరే గిన్నెలో ఉప్పు వేసి తీసిపెట్టేవాడు.

వత్సల మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు అతను ఆమె మొహం వైపే చూసేవాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

ఆ ఒక్క మాటతో ఆ పూట షిఫ్టు అంతా తేలిగ్గా గడిచిపోయేది. ఇట్లా వండిపెట్టుకుంటూ పోతే, ఒక్క చిటికెడు ఉప్పు కూడా లోపలికి పోనివ్వకుండా కాచుకుంటే ఆమె బతుకుతుందని అతను నమ్మాడు. డాక్టరు అలా అనలేదు. అయినా నమ్మాడు.

చలి మొదలయ్యేసరికి పళ్ళెంలో మిగలడం ఎక్కువైంది. ఒక రొట్టె సగమైంది, సగం పావైంది. శివన్న కూర మార్చాడు, కొత్తిమీర పెంచాడు, బియ్యం మార్చాడు. వత్సల తినేది. ఆ తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకునేది.

సరిగ్గా అప్పుడే భోకర్ నుంచి ఉమాబాయి వచ్చింది.

ఉమాబాయి శివన్నకు అక్క. తల్లి పోయినప్పుడు శివన్న ఇంకా లాగు కట్టుకోవడం రాని పిల్లవాడు. ఉమాబాయే తమ్ముణ్ణి సాకింది, తన పెళ్ళయ్యాక కూడా వెంట తీసుకుపోయింది. భర్త పోయి, కొడుకుల దగ్గర ఉంటోంది. ఒక చేతిలో గుడ్డల సంచీ, మరో చేతిలో మామిడి తొక్కు జాడీ పట్టుకుని గడప దాటిన ఆమె, పొయ్యి ముందు కూర్చున్న తమ్ముణ్ణి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏందిరా తమ్మీ ఇది?"

"రొట్టె చేస్తున్న అక్కా."

"అది కనవడుతనే ఉన్నది. నువ్వెందుకు చేస్తున్నవని అడుగుతున్న."

మంచం మీది నుంచి వత్సల అందుకుంది. "నేనే చెప్పిన వదినే."

ఉమాబాయి మరదలి మొహం చూసింది. జాడీ కింద పెట్టి, మంచం పక్కన కూలబడి, వాచిన ఆ కాళ్ళను ఒళ్ళోకి తీసుకుని నిమరసాగింది. అప్పటికి ఊరుకుంది గానీ మరునాడు ఉండబట్టలేకపోయింది.

"ఎదిగిన ఆడపిల్ల ఇంట్ల ఉండంగ మొగోడు పిండి పిసుకుడు ఎక్కడన్న ఉన్నదా? గిర్ని కాడ ఆడోళ్ళు ఏమంటున్నరో ఎరుకేనా నీకు? శాళ ఏడికి పోతది, వచ్చే ఏడు కూసుంటది పరీక్షకు."

"వచ్చే ఏడు ఎవరు పంపుతరత్తా?" అన్నది మీరా మెల్లగా. "మా తర్గతిల ఒకామె గిట్లనే ఆగింది. మళ్ళ రాలె."

"చూసినవా, పెద్దోళ్ళకు ఎదురు మాటలు. గిదేనా శాళల నేర్పేది?"

"అక్కా," అన్నాడు శివన్న, "పిల్లను ఏమనకు. నాకేం కష్టమనిపిస్తలేదు. నువ్వున్నన్ని రోజులు పగటిపూట నువ్వు వండు. ఉప్పు మాత్రం ముట్టద్దు. డబ్బ అటుక మీద పెట్టిన. నీ తొక్కు జాడీ గూడ పైన పెడుత."

"మనిషన్నంక నోటికింత రుచి లేకుంటె ఎట్లరా?"

"రుచి నేను తెస్తున్న కద."

ఆ మాటకు ఉమాబాయి తమ్ముడి వైపు వింతగా చూసింది. అతని గొంతులో వినిపించిన గర్వం ఆమెకు అర్థం కాలేదు.

కొన్నాళ్ళు ఇల్లు ఒక తీరుగా సాగింది. ఒకనాడు మధ్యాహ్నం మిల్లులో కరెంటు పోయింది. ఎంతకూ రాకపోయేసరికి షిఫ్టును ఇంటికి పంపేశారు. గోదావరి వైపు నుంచి చల్లటి గాలి వీస్తోంది. దారిలో లేత సొరకాయ ఒకటి కొనుక్కుని శివన్న గల్లీ మలుపు తిరిగాడు. ఇంట్లోంచి పోపు వాసన ఎదురొచ్చింది. ఎల్లిపాయ, ఎండుమిరపకాయ, ఇంగువ. అందులో మరో వాసన కలిసి ఉంది. చింతపండు పచ్చిపులుసుది. అతని అడుగు వడివడిగా పడింది.

వత్సల మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఉమాబాయి పక్కన కూర్చుని తినిపిస్తోంది. పళ్ళెంలో అన్నం, పచ్చిపులుసు, అంచున ఎర్రటి నూనె తేలుతున్న మామిడి తొక్కు. వత్సల కళ్ళు మూసుకుని నములుతోంది. చెంపల మీద కాస్త రంగు వచ్చింది. నెలల తర్వాత ఆమె అలా ఆబగా తినడం చూస్తూ, శివన్న ఒక్క క్షణం గడపలోనే నిలబడిపోయాడు. మరుక్షణం అతనికి భయం ముంచుకొచ్చింది.

ముందుకు వెళ్ళి పళ్ళెం లాక్కున్నాడు. అది చేతిలోంచి జారి నేల మీద పడింది. పచ్చిపులుసు మెతుకులతో సహా వత్సల చీర మీద చిందింది.

"చంపుదామనుకున్నవా అక్కా?" అన్నాడు.

ఉమాబాయి లేచి నిలబడింది. "నేను చంపుతున్ననా? చప్పిడి కూడు పెట్టి నువ్వే రోజింత చంపుతున్నవు. అద్దంల చూసిందా అది తన మొహం? ఉన్న నాలుగు రోజులన్న కడుపునిండ తిననియ్యి."

"నాలుగు రోజులని నీకెవరు చెప్పిన్రు? డాక్టర్ చెప్పిండా? పథ్యం ఉంటె నిలుస్తదన్నడు. నిలుపుకుంట నేను."

"వదినెను అనకు," అన్నది వత్సల. "నేనే అడిగిన. రెండు రోజుల సంది బతిమాలితే చేసింది."

శివన్న ఆమె వైపు తిరిగాడు. "నేను చేసింది మంచిగ లేకుంటె నాకు చెప్పద్దా? రోజు అడుగుత కద ఎట్లున్నదని. రోజు మంచిగున్నదంటివి."

వత్సల చీర మీద పడ్డ మెతుకులను ఒక్కొక్కటే తీసి మంచం అంచున పెట్టింది. మాట్లాడడానికి ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చింది.

"పదహారేండ్లు నేను వండిన. తిన్నవు, చెయ్యి కడుక్కున్నవు, పోయినవు. మంచిగున్నదనలె, బాగలేదనలె. దానికి నాకు బాధ లేదు, అందరిండ్లల్ల గంతే. ఇప్పుడు నువ్వు వండుతున్నవు. ముద్ద ముద్దకు నా మొహం దిక్కు చూస్తవు. నీ మొహం చూసి తింటున్న నేను, ఆకలయ్యి కాదు. పొద్దున లేస్తనే కడుపుల తిప్పుతది నాకు. అయినా మింగుత. నువ్వు చిన్నబోతవని మింగుత. తినుడు గూడ నాకొక పనైంది."

శివన్న ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నిజం చెప్పు. నాకోసం వండుతున్నవా, నేను పోతనన్న భయానికి వండుతున్నవా?"

బడి నుంచి అప్పుడే వచ్చిన మీరా పుస్తకాలు గుండెకు హత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. శివన్న కూతుర్ని దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు. చేతిలోని సొరకాయను ఎక్కడ వదిలేశాడో అతనికే తెలియదు.

తెల్లారేసరికి వత్సలకు ఊపిరి ఆడలేదు. రెండు కళ్ళూ వాపుతో మూసుకుపోయాయి. రిక్షాలో వెనక్కి ఆనించి పట్టుకుని దవాఖానకు చేర్చారు. సూదులు వేశారు, ముక్కుకు గాలి పెట్టారు. ఉమాబాయి వార్డు బయట వరండాలో నేల మీద కూర్చుని, తన చేతులనే చూసుకుంటూ ఉండిపోయింది. అన్నం పెడితే తినలేదు, నీళ్ళిస్తే తాగలేదు. శివన్న ఆమె ముందు నుంచే వెళ్ళాడు, వచ్చాడు. ఓదార్చడానికి అతనికి మనసు రాలేదు. తిట్టడానికి ఓపిక లేదు.

వత్సల తేరుకుంది. మూడు నాలుగు రోజులకు వాపు కొంత తీసింది. డాక్టరు శివన్నను పక్కకు పిలిచాడు. పెద్దవయసు మనిషి, తక్కువ మాట్లాడతాడు.

"ఆతా పథ్య నకో. త్యా జే మాగతీల్ తే ద్యా," అన్నాడు మరాఠీలో.

ఇక పథ్యం వద్దు. ఆమె ఏది అడిగితే అది పెట్టండి. శివన్న నాందేడ్ జిల్లాలోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు ఎంతో మరాఠీ అంతే అతనికి. అయినా అర్థం కానట్టు నిలబడ్డాడు. డాక్టరు మళ్ళీ చెప్పాడు.

"సాబ్, ఇంక ఎక్కువ పథ్యం చేస్తం," అన్నాడు శివన్న. "పొరపాటైంది మొన్న. ఇంట్ల ఉప్పే లేకుంట చేస్త. మీరు వద్దన్నది ఏదీ..."

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పొరపాటు కాదు. ఆ ఒక్క పూటతోని వచ్చింది కాదిది. గుర్దాలు పని చాలించినై. ఇంటికి తీసుకపో."

ఇన్ని నెలలు తాను ఆ 'వద్దు' అన్న మాటను పట్టుకునే బతికానని శివన్నకు అప్పుడు తెలిసింది. వద్దన్న రోజుల్లో ఆశ ఉండింది. ఇక ఏదైనా పెట్టవచ్చు. ఏం పెట్టినా ఒక్కటే.

వరండాలోకి వచ్చి అక్క పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీ తొక్కుతోని కాలేదంటక్కా," అన్నాడు. "ముందు నుంచే గట్లున్నదట. నువ్వు పరేషాన్ కాకు."

ఉమాబాయి తలెత్తి అతన్ని చూసింది. ఆ మాట వెనక ఉన్న రెండో మాట కూడా ఆమెకు వినబడింది. తమ్ముడి తలను భుజం మీదికి లాక్కుని, కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. శివన్న ఏడవలేదు. ఎదురుగా గోడ మీద రాసిన అక్షరాలను ఒకటికి రెండుసార్లు చదివాడు. ఏం చదివాడో అతనికే తెలియదు.

ఇంటికి వచ్చాక వత్సల అడిగింది. "డాక్టర్ ఏమన్నడు?"

అబద్ధం ఒకటి వెంట తెచ్చుకున్నాడు గానీ ఆమె మొహం చూశాక అది నోట రాలేదు.

"నీకేం తినబుద్ధి అయితె అది పెట్టుమన్నడు."

వత్సల గూట్లో దేవుడి పటాన్ని, దాని కింద వరుసగా ఉన్న మీరా పుస్తకాలను చూసింది. తర్వాత, బజారు నుంచి ఏం తేవాలో చెప్పే మామూలు గొంతుతో అన్నది.

"పుంటికూర దొరుకుతదేమో చూడు. మా అమ్మ చేసేటట్లు చెయ్యి. నేను చెప్త."

పుంటికూర, అంటే గోంగూర, దొరికే కాలం కాదు అది. శివన్న బజారంతా తిరిగి, ఊరి బయట నీళ్ళున్న తోటల వైపు వెళ్ళి, ఒక కట్ట సంపాదించాడు. సగం ముదిరిన ఆకు. ఇంట్లో కూర్చుని లేత ఆకులు ఏరాడు. వత్సల మంచాన్ని వంటింటి గడప దగ్గరికి జరిపారు. ఉమాబాయి ఆమె వీపును తన ఒంటికి ఆనించుకుని కూర్చుంది.

"ఆకు ఉడికినంక నీళ్ళు వార్చెయ్యి, పులుపు ఎక్కువుంటది," అన్నది వత్సల. "జొన్న నూక జెరంత వెయ్యి. పచ్చిమిరపకాయ గూడ దాంట్లనే ఉడకాలె."

"ఎన్ని?"

"నీ చేతికి తోచినన్ని. ఇప్పుడు నీకు ఎరుకే కద."

కూర మెత్తగా ఉడికాక కవ్వంతో ఎనిపాడు. అటుక మీది నుంచి ఉప్పు డబ్బా దించి, మూత తీసి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మీరా చూసి, పుస్తకం మూసి, తండ్రి పక్కకు వచ్చి కూర్చుంది. అతని చెయ్యి ఉప్పులోకి వెళ్ళింది. పిడికిట్లో ఎంత వచ్చిందో చూసుకున్నాడు, కొంత వెనక్కి పోశాడు, మిగిలింది కూరలో వేశాడు. తర్వాత ఎల్లిపాయలు చితక్కొట్టి, నూనెలో ఎర్రగా వేయించి కూర మీద పోశాడు. చుయ్యిమన్న చప్పుడుతో వాసన ఇల్లంతా కమ్మేసింది. వత్సల ఆ వాసనను గుండెల నిండా పీల్చింది. కళ్ళు మూసుకుని, "మా ఇల్లు," అన్నది మెల్లగా.

రొట్టెలు ఒకటి తర్వాత ఒకటి పొంగాయి. ఆ పూట ఒక్కటి కూడా విరగలేదు.

శివన్న వేడి రొట్టెను తుంచి, పుంటికూరలో అద్ది, ఆమె నోటికి అందించాడు. వత్సల నమిలింది. అతను మొహం తిప్పుకోవాలనుకున్నాడు గానీ అలవాటు వదల్లేదు, చూశాడు. ఇన్ని నెలలుగా ముద్ద ముద్దకూ చూసిన ఆ మొహం అతనికి కంఠతా వచ్చు. ఎక్కడ మింగుడు పడలేదో, ఎక్కడ తనకోసం మింగిందో ఇప్పుడు తేడా తెలుసు. ఆ మొహంలో ఏ మార్పూ రాలేదు. పులుపు తగిలినప్పుడు ముడుచుకోవాల్సిన కళ్ళు ముడుచుకోలేదు. ఆమె నాలుకకు ఏదీ చేరలేదు. ఉప్పు లేదు, పులుపు లేదు, తల్లి వంట లేదు. ఆలస్యమైపోయింది.

వత్సల రెండో ముద్ద కూడా తిన్నది. "మంచిగున్నది," అన్నది.

ఎట్లున్నదని అతను అడగలేదు. అడగకుండానే ఆమె చెప్పింది.

"ఇగ నాకు చాలు. నువ్వు కూసొని తిను," అన్నది. "మీరా, నువ్వు గూడ కూసో. నేను చూస్త."

తండ్రీకూతుళ్ళు ఆమె ఎదురుగా పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. శివన్న నెలల తర్వాత ఉప్పు తగిలిన కూర నోట్లో పెట్టుకున్నాడు. నాలుక ఒక్కసారిగా లేచి కూర్చున్నట్టయింది. పులుపు, కారం, ఎల్లిపాయ కమ్మదనం అన్నీ కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వత్సల రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది. ఈ చూపు తాను ఎన్నడూ చూడలేదని మొదట అనిపించింది. తర్వాత, ఇది రోజూ ఇక్కడే ఉండేదని, పదహారేళ్ళుగా పొయ్యి పక్క నుంచి తన వైపే ఉండేదని, తానే తల ఎత్తలేదని అర్థమైంది.

"వత్సలా," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అతనికి అలవాటు లేదు. "మస్తు మంచిగున్నది. నువ్వు వండింది ఎప్పుడూ మంచిగనే ఉండె. నాకు చెప్పరాలె."

ఆమె తల ఊపింది. "నాకెరుక," అన్నది. "మొహం ముడుచుకుంట ఏడ్వకు. సల్లారిపోతది, తిను."

శివన్న తిన్నాడు. ఆమె చూస్తోందని మింగాడు. ఒకరి మొహం కోసం మింగడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

వత్సల శివరాత్రి దాకా ఉండలేదు.

దినాలు అయ్యాక వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉమాబాయి మాత్రం పరీక్షలు అయ్యేదాకా ఉంటానని ఆగిపోయింది. మీరా చదువు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. పిల్ల చదువుకుంటుంటే లాంతరు ఒత్తి తానే సరిచేసేది.

మొదటి పరీక్ష పొద్దున శివన్న పొయ్యి ముట్టించాడు. నీళ్ళు మసిలాయి, పిండి కలిపాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎవరికోసం చేయాలో తెలియని చేతుల్లా ఉన్నాయి అవి. వత్సల కోసం వండిన నెలల్లో దొరికిన సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. అక్కడ ఏమీ లేదు. రొట్టె పొంగింది. పొంగిందని చెప్పడానికి గడప అవతల మంచం లేదు.

మీరా స్నానం చేసి, రెండు జడలు తానే వేసుకుని వచ్చి కూర్చుంది. సగం రొట్టె తిన్నది. మిగతా సగం పట్టుకుని తండ్రి వైపు చూసింది.

"లోపలికి పోతలేదు బాపూ."

"పోకుంటె ఉండనీ బిడ్డా. అయినంతే తిను."

ఆమె లేచి తండ్రి కాళ్ళకు, అత్త కాళ్ళకు మొక్కి వెళ్ళింది. గల్లీ మలుపు దాకా ఇద్దరూ చూశారు.

ఉమాబాయి లోపలికి వచ్చి అలవాటుగా పొయ్యి దగ్గరికి నడిచింది. "లే తమ్మీ. నువ్వు తిను, డ్యూటీకి యాళ్ళయితది. మిగిలినవి నేను చేసుకుంట."

"నువ్వు కూసో అక్కా."

"నేను తర్వాత తింట. మొగోనికంటే ముందుగాల..."

"కూసోమన్న కద."

ఆమె పీట మీద కూర్చుంది. శివన్న నిప్పుల మీది నుంచి తీసిన రొట్టెను అలాగే పొగలు కక్కుతుండగా ఆమె పళ్ళెంలో వేశాడు, పక్కన ఇంత కూర పెట్టాడు. ఉమాబాయి తుంచబోయి వేళ్ళు కాలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గింత వేడిది నేను ఎన్నడు తిన్ననో యాదికి లేదురా," అన్నది. "అమ్మ ఉన్నప్పుడు తిన్ననేమో."

పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని, తల వంచుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తూ తినసాగింది. శివన్న ఆమె వైపు చూడలేదు. ఇంకో ముద్ద తీసుకుని పరాతులో తట్టడం మొదలుపెట్టాడు. కన్నీళ్ళు కారి పిండిలో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, అంచులు చీలకుండా, మెల్లగా తిప్పుతూ తట్టాడు.